ఏడికని అడగని ఇల్లు

దవాఖాన నుంచి తెచ్చిన సామాన్లలో ఒక ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పకుండా ఉంది. అందులో మా ఆయన చెప్పులున్నాయి. ఆయన పోయి నెల దాటింది. దుప్పటి, ఫ్లాస్కు, కళ్లద్దాలు, సగం వాడిన మందుల పట్టీలు, అన్నీ మా అమ్మాయి రూతు ఎక్కడివక్కడ సర్దేసింది గానీ చెప్పుల దగ్గరికొచ్చి ఆగింది. "అమ్మా, ఇవేడ పెట్టాలె?" అని అప్పుడే అడిగింది. నేను విననట్టు వంటింట్లోకి పోయాను. అప్పటినుంచి ఆ కవరు చేవెళ్లలోని మా ఇంట్లో బీరువా మీద కూర్చొని ఉంది. పొద్దున దుప్పటి మడతపెట్టేటప్పుడు కంటబడుతుంది, మధ్యాహ్నం ఫ్యాను గాలికి చప్పుడు చేస్తుంది. ఎవరికైనా ఇచ్చేద్దామని రూతు మెల్లగా అంటుంది. ఎక్కడ పెట్టాలన్నది నాకు పెద్ద చిక్కు కాదు, అరుగు మీద బోలెడంత జాగా ఉంది. ఎటు తిప్పి పెట్టాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇది రూతుకు అర్థం కావాలంటే తను పుట్టకముందు మేమున్న ఇంటి సంగతి చెప్పాలి.

నేను మొయినాబాద్ పిల్లను. మా బాపు మిషన్ బడిలో పంతులు. ముడిమ్యాల దగ్గర బంగ్లాలో ఉండే సంబంధం వచ్చిందంటే మా అమ్మ చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంది. తీరా వచ్చి చూస్తే అది షికారు బంగ్లా. వెనకటి రోజుల్లో ఎవరో జాగీర్దారు వేటకొచ్చినప్పుడు దిగడానికి కట్టించుకున్నాడట, మా మామగారు దానికి కాపలా. జాగీరు పోయింది, జాగీర్దారు రావడం మానేశాడు, కాపలా ఉన్న మనిషి మాత్రం అక్కడే ఉండిపోయాడు. నేను కాపురానికి వచ్చేనాటికి ఆయనా లేడు. అత్తమ్మ, మా ఆయన, నేను, లాల్యా అనే ఎర్ర కుక్క, దూలాల నిండా గబ్బిలాలు. డంగు సున్నం గోడలు వానాకాలమంతా తడిసి, చలికాలం మొదట్లో ఒక రకమైన చల్లని వాసన కొట్టేవి. ఆ వాసన ఇప్పుడు ఏ పాత గోడ దగ్గర తగిలినా నాకు బెదురు పుడుతుంది. ముందు గదిలో గోడకు జింక కొమ్ముల జత ఉండేది, పక్కనే శిలువ. అత్తమ్మ ఆ కొమ్ములకు ఉల్లిగడ్డల జడ వేలాడదీసేది. పాస్టరుగారు వస్తున్నారని తెలిస్తే ఉల్లిగడ్డలు దించి కొమ్ముల మీద తెల్ల తువ్వాలు కప్పేది. ఆయన ప్రార్థన చేసి, చాయ్ తాగి, గేటు దాటీ దాటకముందే తువ్వాలు దిగేది, ఉల్లిగడ్డలు ఎక్కేవి.

జొన్న కంకి పాలుపోసుకునే రోజుల నుంచి కోతలయ్యేదాకా మా ఇంట్లో వేట కాలం. అడవిపందులు ఒక్కసారి చేన్లో పడ్డాయంటే తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. సంవత్సరం తిండి మట్టిలో కలిసిపోయేది. అందుకని మా ఆయన బరిసె పట్టుకుని, లాల్యాను వెంటబెట్టుకుని తెల్లారకముందే బయలుదేరేవాడు. కొన్నాళ్లు పక్క చేన్లవాళ్లతో కలిసి వలలు కట్టేవాడు గానీ ఎక్కువగా ఒక్కడే పోయేవాడు. చట్టం ఒప్పుకోదని ఎవరో అనేవారు. ఊళ్లోవాళ్లకు మాత్రం కలుపు తీయడం లాగే అదీ ఒక పని. నన్ను భయపెట్టింది పందులు కావు, షహర్ నుంచి జీపుల్లో వచ్చే షికారివాళ్లు. వాళ్ల దగ్గర తుపాకులుండేవి, ఓపిక ఉండేది కాదు. చేన్లో ఏది కదిలినా కాల్చేవారు. అంతకుముందు ఏడు పక్క ఊరి రైతు ఒకాయన పొద్దున్నే చేన్లో కూర్చున్నవాడు తొడలో తూటా దిగి మంచాన పడ్డాడు. మనిషి నిలబడితే తల కూడా కనబడనంత ఎత్తు జొన్న అది. అందులోకి మా ఆయన పోయాడంటే తిరిగి వచ్చేదాకా పని మధ్యలో లేచి బాట చూసి వచ్చేదాన్ని.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక తెల్లవారుజామున ఆయన అరుగు దిగుతుంటే తెలియక అడిగేశాను.

"ఏడికి పోతున్నవ్?"

పొయ్యి దగ్గర అత్తమ్మ చేతిలో రొట్టె చేతిలోనే ఆగిపోయింది. ఆయన దించిన కాలు మళ్లీ పైకి పెట్టి, బరిసె గోడకు ఆనించి, లోపలికొచ్చి కూర్చున్నాడు. "ఇగ ఇయ్యాల అయిపాయె" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

"ఓ పిల్లా, వేటకు పొయ్యేటోన్ని ఏడికని అడుగుతరా? మీ మొయినాబాద్‌ల గిదే నేర్పిన్రా నీకు?" అన్నది అత్తమ్మ.

"ప్రార్థన చేసుకొనే పోతున్నడు గదా అత్తమ్మ. అడిగితే ఏమైతది?"

"ప్రార్థన ప్రార్థననే. అడుగుడు అడుగుడే."

అత్తమ్మ పొద్దున, మాపు మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేసే మనిషి. వేట కాలంలో ఆ ప్రార్థనలు మరీ పొడుగయ్యేవి, పొయ్యి మీద పప్పు మాడేది. అదే నోటితో పంది పేరు పలకనిచ్చేది కాదు, "పెద్దది" అనాలి. వేటకు పోయినవాడి పేరు ఎత్తనిచ్చేది కాదు. ఎటు పోయాడని ఇంట్లో ఎవరూ అనుకోగూడదు. తెలిసిన మాట గాలికి పడుతుందనీ, గాలికి పడ్డ మాట ఎవరి చెవినైనా పడుతుందనీ ఆమె నమ్మకం. నేను చదువుకున్నదాన్ననే పొగరుతో లోలోపల నవ్వుకునేదాన్ని. కానీ ఆ రోజు ఆయన వెనక్కి తిరిగొచ్చి కూర్చున్న తీరు చూశాక మళ్లీ అడగలేదు.

అడగకపోతే మాత్రం భయం ఎక్కడికి పోతుంది? ఒకసారి నేను ఏడుస్తుంటే చూసి, అత్తమ్మ పశువుల కొట్టం దగ్గర ఉన్న సమయంలో ఆయనే ఒక ఉపాయం చెప్పాడు.

"నువ్వు అడగకు, నేను చెప్ప. పొయ్యేటప్పుడు చెప్పులిడిసి బూట్లేసుకుంట గద, ఆ చెప్పుల మొకం చూడు. చెరువు దిక్కుంటే చెరువు కిందికి పోయినట్టు. గుట్ట దిక్కుంటే గుట్టకు. వచ్చినంక ఇంటి దిక్కు తిప్పి పెడ్త. సరేనా?"

చెరువు ఇంటికి ఉత్తరాన, గుట్ట దక్షిణాన. నోరు విప్పకుండా మాట్లాడుకునే వీలు దొరికింది. అప్పటినుంచి రోజూ పశువుల పని ముగించుకుని అరుగు ఎక్కగానే నా కళ్లు చెప్పుల మీదికి పోయేవి. దిక్కు తెలిసినంత మాత్రాన చేయగలిగిందేమీ లేదు, అయినా ఊపిరి కాస్త కుదుటపడేది. పనులు చేస్తూ మధ్యమధ్యలో ఆ దిక్కు చూసుకునేదాన్ని. సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుని, చెప్పులు ఇంటివైపు తిప్పిపెట్టి లోపలికి వస్తుంటే, తడిసిన కుక్క వాసన, ఆకు పసరు వాసన, చెమట వాసన కలిసి వచ్చేవి. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియని ఆ ముచ్చట నాకు కొత్త చీరకంటే ఎక్కువ గర్వంగా ఉండేది.

ఆ రోజు నేను పశువుల దగ్గర పని ముగించి వచ్చేసరికి ఇంటి ముందు జీపు ఆగి ఉంది. షికారివాళ్లు మా ఇంటి దగ్గర ఆగి నీళ్లు, చాయ్ అడగడం మామగారి కాలం నుంచి ఉన్న అలవాటే. వాళ్లలో పెద్దమనిషి ఒకాయన, తెల్ల గడ్డం, ఖాకీ కోటు, మర్యాదగా దూరంగా నిలబడి మాట్లాడాడు.

"మీ ఆయన బరిసె తీస్కొని పోయిండంట గదమ్మా. ఎటు పోయిండో చెప్పు. మేము ఆ దిక్కు పోం. మాకెందుకు ఆ పాపం?"

నా జన్మలో అంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. సంతోషంగా అరుగు వైపు తిరిగాను. చెప్పులు అరుగు బయటి అంచున పిట్టగోడవారగా, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా, గోడకు మొకం పెట్టి ఉన్నాయి.

ఉత్తరమూ కాదు, దక్షిణమూ కాదు, గోడ. ఈ దిక్కు అంటే ఆ దిక్కు పోతారు, ఆ దిక్కు అంటే ఈ దిక్కు పోతారు. తెలియదంటే రెండు దిక్కులా పోతారు. నేను చెప్పబోయే మాట తప్పయితే తుపాకులను ఆయన మీదికి నేనే పంపినట్టు. లోపలికి పరుగెత్తాను.

"అత్తమ్మ, చెప్పులు నువ్వు సర్దినవా?"

"అవ్. ఊడ్సుకుంట జరిపిన. అడ్డదిడ్డం పడున్నయ్. చెప్పులట్లుంటే ఇంట్ల కొట్లాటలైతయ్."

"ఎటు మొకం పెట్టి ఉండె?"

"చెప్పులు ఎటుంటే ఏందే?" అని కసిరింది. తర్వాత నా మొకం చూసింది, బయట జీపు చూసింది, గోడవారగా ఉన్న చెప్పులు చూసింది. ఆమెకు అన్నీ ఒక్కసారే అర్థమైనట్టున్నాయి. చేతిలోని గంటె పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "గుట్టకు పోయిండు" అన్నది.

"నీకెట్ల తెలుసు?"

"రొట్టెల మూటలకు ఉల్లిగడ్డ అడిగిండు. చెరువు కిందికైతే అడగడు. ఆడ మన ఉల్లిమడి ఉన్నది గద, ఒకటి పీక్కుంటడు. వాళ్ల నాయిన గూడ అంతే."

నాకు ఆశ్చర్యపడే తీరిక కూడా లేదు. ఏడికని అడగరాదని నన్ను తిట్టిన మనిషికి మొదటినుంచీ ఆయన ఎటు పోతున్నాడో తెలుసు! ఆమె మా మామగారిని కూడా అడగకుండానే, అన్నేళ్లూ రొట్టెల మూటలో దిక్కు చూసుకుని బతికింది. కొంగు సవరించుకుని అరుగు మీదికొచ్చి, "గుట్ట దిక్కు పోకున్రి సాబ్. మా పిల్లగాడు ఆడున్నడు" అని తనే చెప్పింది. ఆయన చేయెత్తి సలాం చేశాడు. జీపు చెరువు వైపు తిరిగింది.

ఇక అప్పటినుంచి మా ఇద్దరికీ పని తోచలేదు. ఇసుర్రాయి ముందు ఎదురెదురుగా కూర్చుని జొన్నలు విసిరాము. చెరువు వైపు నుంచి మొదటి తుపాకి చప్పుడు వినబడగానే ఇద్దరి చేతులూ ఒకేసారి ఆగాయి. "దూరంల" అన్నది అత్తమ్మ. మళ్లీ తిప్పాము. ఇంకో చప్పుడు. రాయి ఆగింది, మళ్లీ తిరిగింది. పిండి బరకగా పడుతున్నా ఎవరూ చూడలేదు. కాసేపటికి అత్తమ్మ ఉన్నట్టుండి నా చేయి పట్టుకుంది.

"పిల్లా, ఉల్లిగడ్డ ఇయ్యాల్నే అడిగిండు గదా? నిన్న కాదు గదా?"

"నాకేం తెలుసు అత్తమ్మ? నేను కొట్టంల ఉంటి."

"ఇయ్యాల్నే. ఇయ్యాల్నే అనుకుంట." లేచి పోయి కొమ్ములకు వేలాడుతున్న ఉల్లి జడను తడిమి చూసింది. కింది తొడిమె తెగి ఉంది. అది ఈ పొద్దున తెగిందో నిన్న తెగిందో ఎవరు చెప్పగలరు? ఆమె అక్కడే, ఆ కొమ్ముల కింద, శిలువ పక్కన మోకాళ్ల మీద కూలబడింది. పైకి మాట్లాడుతూ ప్రార్థన చేసే మనిషి ఆ రోజు పెదవులు కూడా కదపలేదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. మళ్లీ చెరువు వైపే ఒకదాని వెంట ఒకటి చప్పుళ్లు అయ్యాయి. తర్వాత ఏమీ లేదు.

ఎండ తగ్గుముఖం పట్టాక లాల్యా ఒక్కటే వచ్చింది. ఒళ్లంతా నల్లటి బురద. గుట్ట మీద ఉండేది ఎర్రమట్టి, అదీ ఎండి రాయిలా ఉంటుంది. నల్లటి బురద చెరువు కింద తప్ప మా చుట్టుపక్కల ఎక్కడా లేదు. అత్తమ్మ కుక్క కాలు ముట్టుకుని వేళ్లు చూసుకుంది. నేనూ చూశాను. ఇద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకోలేకపోయాము. నేను అరుగు దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా చెరువు బాట పట్టాను. పేరు పెట్టి పిలవాలంటే నోరు రాదు. అటు మొగుడు, ఇటు వేటకు పోయినవాడు, రెండు రకాలుగానూ ఆ పేరు నాకు పనికిరాదు. ఏడుస్తూ నడిచాను.

చింతచెట్ల మలుపు దగ్గర ఆయన ఎదురొచ్చాడు. తలనుంచి కాళ్లదాకా బురద, చేతిలో బరిసె లేదు. నన్ను చూసి, "ఏమైంది? అమ్మకు బాగలేదా?" అని అడిగాడు. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి, అరుగు మీద కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు. "గుట్టకే పోయిన. పెద్దది లేచి చెరువు దిక్కు ఉరికింది. దాని ఎంబడి పడి నేను గూడ ఉరికిన. జొన్నల చొరబడ్డంక ఠామ్మని మోగింది. లాల్యాను గట్టిగ పట్టుకొని కాల్వల పండుకున్న. లేద్దామంటే మల్ల మోగుతున్నది. ఒగాయన అంటున్నడు, ఇటు మనిషి లేడు, ఇంటోళ్లే చెప్పిన్రు, ఫికర్ లేకుండ కొట్టున్రి అని." తలెత్తి మా ఇద్దరినీ చూశాడు. "ఎవలు చెప్పిన్రు?"

నేను నోరు తెరవబోయాను. అత్తమ్మ ముందు అన్నది, "నేనే చెప్పిన బిడ్డా. నువ్వు గుట్టకు పోయినవని."

"గుట్టకే గద పోయిన" అన్నాడాయన. ఆయన మాటలో తప్పు పట్టడం లేదు. నిజంగానే గుట్టకు పోయాడు, ఆమె నిజమే చెప్పింది, ఆ నిజం చెప్పినందుకే తుపాకులు చెరువు వైపు పోయాయి. అబద్ధం చెప్పి ఉంటే ఆయన పొద్దంతా బురదలో పడి ఉండేవాడు కాదు. ఈ ముడి నాకు ఇప్పటికీ విడలేదు. ఆయన తువ్వాలుతో మొకం తుడుచుకుని, గోడవారగా ఉన్న చెప్పులు చూసి, "ఇవి గోడకెందుకున్నయ్?" అని నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి వంగి వాటిని ఇంటివైపు తిప్పి పెట్టాడు. ఆ రోజు తర్వాత అత్తమ్మ ఆ చెప్పుల చుట్టూ ఊడ్చింది గానీ వాటిని ఎన్నడూ కదపలేదు. నన్ను ఎందుకని ఒక్కమాట కూడా అడగలేదు.

తర్వాత ఒకటి రెండేళ్లకే వేట మానేశాడు. అత్తమ్మ పోయాక బంగ్లా వదిలి చేవెళ్లకు వచ్చేశాము. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ తావులో ఎత్తయిన గోడ, లోపల ఎవరిదో ఫామ్‌హౌస్, గేటు దగ్గర వాచ్‌మన్. పోయినేడు మా ఆయనా నేనూ ఆ దారిన పోతూ ఆగితే ఆ వాచ్‌మన్ మమ్మల్ని ఎవరు కావాలని అడిగాడు. అక్కడి పాత కాపలాదారు కొడుకే అయిన మా ఆయన ఏం చెప్పాలో తోచక, "ఎవరొద్దు, ఊకెనే" అన్నాడు. బరిసె లేదు, పంది లేదు, చెప్పుల అలవాటు మాత్రం ఆయన వదల్లేదు. మార్కెట్‌కు పోయినా, చర్చికి పోయినా, పింఛను కోసం బ్యాంకుకు పోయినా బూట్లు వేసుకుని, విడిచిన చెప్పులు ఆ దిక్కు తిప్పి పెట్టి పోయేవాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, అట్లనే అరవై దాటిపోయాము.

రూతు చందనవెల్లి దిక్కు కంపెనీలో పనిచేస్తుంది. నా ఫికర్ చూడలేక తను ఎక్కడున్నదీ నా ఫోన్లో నీలం చుక్కగా కనబడేటట్టు పెట్టింది. చుక్క షాబాద్ రోడ్డు మీద మెల్లగా పాకుతూ వస్తుంటే చూస్తూ కూర్చుంటాను. ఒక్కోసారి ఎక్కడో ఆగిపోతుంది. ట్రాఫిక్ అనుకుంటాను, టీ తాగుతున్నదేమో అనుకుంటాను, ఆ వెంటనే నల్లటి బురద గుర్తొస్తుంది. అప్పుడు చెప్పులు చూస్తే దిక్కు తెలిసేది, ఇప్పుడు చుక్క చూస్తే తావు తెలుస్తున్నది. మనిషి ఎట్లున్నదీ రెంటిలోనూ తెలియదు. పోనీ ఫోన్ చేద్దామంటే బండి నడుపుతూ ఎత్తుతుందేమోనని అదొక భయం. రూతు ఇంటికొచ్చి, "ఇంకా తినలేదా అమ్మా?" అని కసురుతుంది. నేను చుక్కను చూస్తూ అన్నం మరిచిపోయానని చెప్పను.

దవాఖానలో ఆఖరి పొద్దున ఆయన కాస్త తేటగా ఉన్నాడు. మంచం మీద కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసి చెప్పులు తొడుక్కున్నాడు, విడిచాడు. "జర చాయ్ తాగొస్త" అన్నాను. తలూపాడు. నేను కిందికి పోయి వచ్చేసరికి నర్సులు మంచం చుట్టూ ఉన్నారు. తర్వాత వాళ్లు పక్కకు జరిగారు. రూతు నన్ను పట్టుకుని ఏడుస్తున్నది. నేను వంగి మంచం కిందికి చూశాను. అందరూ నాకు కళ్లు తిరిగాయనుకుని పట్టుకున్నారు.

చెప్పులు గోడకు మొకం పెట్టి ఉన్నాయి. నేల తడిగా ఉంది. వార్డు ఆయా తడిగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె తుడుస్తూ జరిపిందో, ఆయనే అట్లా పెట్టాడో. ఆమెను ఒక్కమాట అడిగితే తేలిపోయేది. జరపకముందు ఎటు ఉన్నాయవ్వా అంటే చెప్పేది, మనసున్న మనిషే. సమాధి దగ్గర పాస్టరుగారు ఆయన ఎక్కడికి పోయాడో చాలా స్పష్టంగా చెప్పారు. నేను నమ్ముతాను, చిన్నప్పటినుంచీ నమ్మిందే. అయినా ఆయాను చూస్తూ నిలబడిన ఆ ఒక్క క్షణం నాకు అత్తమ్మ గొంతు వినబడింది. నేను అడగలేదు.

ఇదంతా నిన్న రూతుకు చెప్పాను. మధ్యలో ఒకటి రెండు చోట్ల నవ్వింది, ఉల్లిగడ్డ దగ్గర ఏడ్చింది. చెప్పడం అయిపోయాక కుర్చీ వేసుకుని బీరువా మీది కవరు దించింది. చెప్పులు బయటికి తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, అరుగు మీదికి తీసుకుపోయింది. నేను లోపలే కూర్చున్నాను. వాటిని చేతుల్లో పట్టుకుని ఒకసారి రోడ్డు వైపు, ఒకసారి గోడ వైపు తిరిగి చూసి, నన్ను పిలిచింది.

"ఎటమ్మా?"

"ఇంటి దిక్కు తిప్పి పెట్టు బిడ్డా" అన్నాను. "ఊడ్సేటప్పుడు జరపకు."